చిన్న వయసులో గుండె వాల్వు దెబ్బతింటే ఏమేం చేయాలి, ఎలా చేయాలి

ఇరవై ఏళ్ళ వయసులో రెండంతస్తుల మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చి మధ్యలో ఆగవలసి వస్తూ ఉంటే, దానిని నీరసమనో, రక్తం తక్కువగా ఉందనో సరిపెట్టుకోకూడదు. మా చెల్లెలికి ఇంటర్ రెండో సంవత్సరంలో ఆయాసం మొదలైతే దాదాపు ఏడాది పాటు ఉబ్బసం అనుకుని మందులు వాడించాము. చివరికి ఒక వైద్యురాలు ఆమెను ఎడమవైపుకు ఒత్తిగిల్లి పడుకోమని చెప్పి, స్టెతస్కోపుతో చాలాసేపు విని, ఎకో (గుండెకు చేసే స్కానింగు) తీయించమని రాసిచ్చారు. గుండె ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉండే మైట్రల్ వాల్వు 0.9 చదరపు సెంటీమీటర్లకు ఇరుకైపోయిందని అప్పుడు తెలిసింది. ఆమెకు 18 ఏళ్ళప్పుడు ఆ ఇరుకు విప్పడానికి బెలూన్ వేశారు, 24 ఏళ్ళకు బిడ్డ పుట్టాడు, 27 ఏళ్ళకు వాల్వు మార్చారు. ఈ పన్నెండేళ్ళలో ఆమె వెంట ఉండి నేర్చుకున్నవాటిని, మాకు ఎవరూ ముందుగా చెప్పనివాటిని, ఇప్పుడే ఈ జబ్బు బయటపడిన మీకోసం వరుసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను కనుక మందు, మోతాదు విషయంలో మీ కార్డియాలజిస్టు మాటే ఆఖరిది.

మొదటి పని: ఆయాసాన్ని నిజాయితీగా కొలుచుకోండి

వాల్వు జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, మనిషి కూడా అంతే నెమ్మదిగా దానికి అలవాటు పడిపోతాడు. మెట్లు మానేసి లిఫ్టు ఎక్కడం, బిందె మోయడం ఇంకొకరికి అప్పగించడం, నడక తగ్గించడం తనకు తెలియకుండానే జరిగిపోతాయి కాబట్టి, "నాకేం ఇబ్బంది లేదు" అన్న మాటను అలాగే నమ్మకూడదు. నిరుడు ఇదే సమయానికి ఏ పని ఆగకుండా చేయగలిగేవారో, ఇప్పుడు ఎక్కడ ఆగుతున్నారో కాగితం మీద రాసి పోల్చుకోండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక రెండు దిండ్లు పెట్టుకోవడం, నడిరాత్రి ఊపిరి అందక లేచి కూర్చోవడం, కఫంలో రక్తపు చారలు కనబడటం, గుండె లయ తప్పి దడదడలాడటం, సాయంత్రానికి పాదాలు వాయడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎకో తీయించుకోవాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పరుగు మధ్యలో కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీ పట్టేయడం బృహద్ధమని వాల్వు (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలోని వాల్వు) ఇరుకైనప్పుడు వచ్చే లక్షణాలు కావచ్చు. అలా జరిగితే గుండె పరీక్ష అయ్యేవరకు మళ్ళీ మైదానంలోకి దిగకూడదు.

డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు అమ్మను గాని, నాయనమ్మను గాని ఒక ప్రశ్న అడగండి: "చిన్నప్పుడు నాకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాక కీళ్ళు వాచాయా?" స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరి పోయిన రెండు మూడు వారాలకు, సాధారణంగా 5 నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు, రుమాటిక్ జ్వరం వస్తుంది. మోకాలు వాచి తగ్గగానే చీలమండ, అది తగ్గగానే మోచేయి, ఇలా నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు పాకుతుంది. కీళ్ళు పూర్తిగా బాగవుతాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ సంగతే మరిచిపోతారు, గుండె వాల్వు మీద పడిన మచ్చ మాత్రం అలాగే ఉండి పది పదిహేనేళ్ళకు బయటపడుతుంది. మా అమ్మకు కూడా అడిగితేనే గుర్తుకొచ్చింది. నాలుగో తరగతిలో చెల్లెలు పది రోజులు నడవలేకపోతే నాన్న భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకువెళ్ళారు. అయితే ఇలాంటి జ్వరం వచ్చిన జ్ఞాపకమే లేని రోగులు కూడా చాలామంది ఉంటారు కనుక, అమ్మ "లేదు" అన్నంత మాత్రాన వాల్వు బాగుందని అనుకోకూడదు.

యువతలో వాల్వు జబ్బులన్నీ రుమాటిక్ జ్వరం వల్ల వచ్చేవి కావు. బృహద్ధమని వాల్వుకు మూడు రెక్కలకు బదులు పుట్టుకతోనే రెండు ఉండటం నూటికి ఒకరిద్దరిలో కనబడుతుంది. అలాంటివారు ధమని వెడల్పును కూడా ఎప్పటికప్పుడు కొలిపించుకోవాలి, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఒకసారి ఎకో తీయించడం మంచిది. మైట్రల్ వాల్వు రెక్క వెనక్కి జారడం మరొకటి. లీకు పెద్దగా లేకపోతే దానివల్ల చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు.

రెండో పని: ఎకో రిపోర్టును మీరే చదవడం నేర్చుకోండి

ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండు స్కానింగు, నొప్పి ఉండదు, సూది ఉండదు. అమ్మాయిలు మహిళా టెక్నీషియన్ కావాలని గాని, తోడుగా ఒకరు ఉండాలని గాని మొహమాటం లేకుండా అడగవచ్చు. రిపోర్టు చేతికి వచ్చాక నాలుగు విషయాలు వెతకండి. మొదటిది, ఏ వాల్వు, ఇరుకైందా లేక లీకవుతోందా అన్నది. మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది, అది 1.5 గాని అంతకన్నా తక్కువగాని అయితే జబ్బు తీవ్రమైనదని లెక్క. రెండోది, ఎడమ కర్ణిక, అంటే గుండె ఎడమవైపు పై గది, ఎంత పెద్దదైంది, అందులో రక్తం గడ్డ ఉందా అన్నది. మూడోది ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి, నాలుగోది గుండె పంపింగు శాతం. అర్థం కానివాటి కింద గీత గీసి డాక్టరును అడగండి.

పాత రిపోర్టు పారేయడం అందరమూ చేసే తప్పు. వాల్వు నిరుడు 1.4 ఉండి ఇప్పుడు 1.1 అయితే ఆ తేడాయే డాక్టరుకు దారి చూపుతుంది. కాబట్టి రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టి, ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి.

మూడో పని: 21 రోజుల ఇంజెక్షను

జబ్బు రుమాటిక్ జ్వరం వల్ల వచ్చిందని తేలితే మీరు చేయవలసిన పనుల్లో అతి ముఖ్యమైనది, అతి తేలికగా మానేసేది కూడా ఇదే. బెంజథీన్ పెనిసిలిన్ ఇంజెక్షనును మందుల షాపుల్లో పెనిడ్యూర్ అంటారు. పెద్దవాళ్ళకు 12 లక్షల యూనిట్లు పిరుదు కండరంలోకి, డాక్టరు చెప్పినట్లు మూడు వారాలకు లేదా నాలుగు వారాలకు ఒకసారి వేస్తారు. ఈ ఇంజెక్షను పాడైన వాల్వును బాగుచేయదు. ఆ సూక్ష్మజీవి మళ్ళీ గొంతులో చేరి, రుమాటిక్ జ్వరం మళ్ళీ వచ్చి, ఉన్న మచ్చ మీద మరో మచ్చ పడకుండా ఆపుతుంది. ఈ సంగతి తెలియకనే చాలామంది "ఇన్ని ఇంజెక్షన్లు వేసుకున్నా ఆయాసం తగ్గలేదు" అని మానేస్తారు. వాల్వు జబ్బు మిగిలినవారు చివరిసారి జ్వరం వచ్చిన నాటి నుంచి కనీసం 10 ఏళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది, వేయించుకోవాలి. కొందరికి జీవితాంతం అవసరమవుతుంది. బెలూన్ వేసినా, వాల్వు మార్చినా ఇంజెక్షను ఆపకూడదు.

మా వంటింటి గోడ మీద క్యాలెండరులో ప్రతి 21వ రోజుకు అమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంచుతుంది. ఇంజెక్షను వేయించుకుని వచ్చాక చెల్లెలు తానే ఆ సున్నా మీద అడ్డగీత కొడుతుంది. పండుగ, పరీక్ష, పెళ్ళి ఆ రోజే పడితే ఒకటి రెండు రోజుల ముందే వేయిస్తాము, ఆలస్యం మాత్రం చేయము. ఊరు మారినప్పుడు, హాస్టలులో చేరినప్పుడు, అత్తగారింటికి వెళ్ళినప్పుడు ఈ వరుస తెగిపోతుంది కనుక, కొత్త ఊరిలో ఇంజెక్షను ఎవరు వేస్తారో సామాను సర్దుకునేముందే కనుక్కోండి. పెనిసిలిన్ అంటే భయపడి వేయడానికి ఒప్పుకోని క్లినిక్కులు చాలా ఉన్నాయి. కార్డియాలజిస్టు చీటీని, ఇంతకుముందు వేయించుకున్న తేదీల పట్టికను చూపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో వేయించుకోవడానికి వీలవుతుంది.

వేయించుకునే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి, ఇడ్లీయో అన్నమో తిని, నీళ్ళు బాగా తాగి వెళ్ళండి. సీసాలో ఉన్న తెల్లటి పొడిలో నీళ్ళు కలిపితే అది చిక్కటి పాలలా తయారవుతుంది, అరచేతుల మధ్య సీసాను దొర్లించి బాగా కలపకపోతే సూదిలో అడ్డుపడి రెండోసారి గుచ్చవలసి వస్తుంది. మా ఊరి నర్సమ్మ సీసాను అలా దొర్లిస్తూ చెల్లెలితో బిడ్డ సంగతులు అడుగుతూ ఉండేది. ఆ రెండు నిమిషాల్లో మందు కలిసేది, చెల్లెలి భయమూ తగ్గేది. కూర్చుని కాకుండా పడుకుని వేయించుకోవాలి, నెమ్మదిగా ఎక్కించమని అడగాలి, తరువాత అరగంట అక్కడే ఉండాలి. వాల్వు బాగా ఇరుకైనవారికి, గుండె పంపింగు బాగా తగ్గినవారికి నొప్పికి రక్తపోటు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, వాళ్ళకు ఇంజెక్షనుకు బదులు రోజుకు రెండుపూటలా పెనిసిలిన్ మాత్రలు మంచివేమో డాక్టరును తప్పకుండా అడగాలి. పెనిసిలిన్ పడనివారికి వేరే మందు ఇస్తారు.

నాలుగో పని: బెలూనా, ఆపరేషనా అన్న నిర్ణయం

మైట్రల్ వాల్వు ఇరుకై, రెక్కలు మరీ గట్టిపడకుండా, లీకు ఎక్కువగా లేకుండా, ఎడమ కర్ణికలో గడ్డ లేకుండా ఉంటే బెలూన్ వేయవచ్చు. తొడ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపి, అతుక్కుపోయిన రెక్కల మధ్య బెలూన్ ఉబ్బించి విడదీస్తారు. జపాను వైద్యుడు కంజి ఇనోవే 1980ల్లో రూపొందించిన ఈ పద్ధతి మన దేశంలో ఎంతోమంది యువతుల ఛాతీని కోతకు గురికాకుండా కాపాడింది. ముందురోజు గొంతులోంచి గొట్టం దించి చేసే ఎకోతో గడ్డ ఉందో లేదో చూస్తారు, అది కొంచెం ఇబ్బందిగా ఉన్నా వద్దనకండి. బెలూనుతో విప్పిన వాల్వు కొన్నేళ్ళకు మళ్ళీ ఇరుకు కావచ్చు కనుక, ఆ తరువాత కూడా ఏటా ఎకో తీయించుకోవాలి. ఆయాసం పోయిందని చెల్లెలికి మేము మూడేళ్ళు తీయించలేదు. ఆ నిర్లక్ష్యానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆపరేషనే అవసరమైతే మొదట అడగవలసిన ప్రశ్న వాల్వును మార్చకుండా బాగుచేయగలరా అని. మార్చక తప్పకపోతే లోహపు వాల్వా, జంతు కణజాలంతో చేసిన వాల్వా అన్నది తేల్చుకోవాలి. లోహపు వాల్వు దశాబ్దాల పాటు పనిచేస్తుంది గాని, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. కణజాలపు వాల్వుకు ఆ మాత్ర ఎక్కువ కాలం అక్కరలేదు గాని, వయసు ఎంత చిన్నదైతే అది అంత త్వరగా పాడై, మరో ఆపరేషను అవసరమవుతుంది. నెలనెలా రక్తపరీక్షకు వెళ్ళగలరా, పిల్లలు కావాలనుకుంటున్నారా అన్న రెండు ప్రశ్నలకు మీరిచ్చే జవాబును సర్జనుకు చెప్పకుండా ఈ నిర్ణయం జరగకూడదు. ఇది ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని అమ్మాయిని అడగకుండా తేల్చే విషయం కాదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ రూపొందించి, 1990లో మొదటిసారి రోగికి అమర్చిన చిత్ర వాల్వు కూడా లోహపు వాల్వుల కోవలోదే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వాల్వు ఆపరేషన్లు చేస్తారు. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి అనుమతి వచ్చాకే చేరే తేదీ ఖాయం చేసుకోండి. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం.

అయిదో పని: రక్తం పలచబరిచే మాత్రతో కాపురం

లోహపు వాల్వు పెట్టినవారికి, మైట్రల్ వాల్వు ఇరుకై గుండె లయ తప్పినవారికి అసిట్రోమ్ గాని వార్ఫరిన్ గాని ఇస్తారు. అది సరిపోతోందా లేదా అన్నది ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, బృహద్ధమని స్థానంలో ఉంటే 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మీ హద్దు ఎంతో డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. హద్దు దాటి పెరిగితే రక్తస్రావం, తగ్గితే వాల్వు మీద గడ్డ, అందువల్ల పక్షవాతం. ఐఎన్ఆర్ అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయని ఎవరైనా చెబితే మారిపోకండి. వాటిలో ఒకటైన డబిగాట్రాన్‌ను లోహపు వాల్వు ఉన్నవారికి ఇచ్చి చూసిన పరిశోధనను, గడ్డలూ రక్తస్రావమూ పెరగడం వల్ల మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. రుమాటిక్ మైట్రల్ జబ్బుతో లయ తప్పినవారిలో కూడా పాత మాత్రే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఐఎన్ఆర్, అప్పుడు వేసుకుంటున్న మోతాదు, ఆ వారం జరిగిన విశేషం, ఈ నాలుగు గడులు చాలు. చెల్లెలి పుస్తకంలో ఒకచోట "4.8, విరేచనాలు, మూడు రోజులు అన్నం లేదు" అని, మరోచోట "1.6, అమ్మమ్మ ఊరు, రోజూ మునగాకు" అని ఉంటుంది. ఆ రెండు వరుసలు చూస్తే ఈ మాత్ర స్వభావమంతా తెలుస్తుంది. మోతాదు మారిన వారానికి పరీక్ష, నిలకడగా ఉంటే నెలకొకసారి పరీక్ష చేయించుకోండి. మాత్ర రోజూ సాయంత్రం ఒకే సమయానికి వేసుకోండి. మరిచిపోయి అదే రోజు గుర్తుకొస్తే వేసుకోండి, మరుసటి రోజు గుర్తుకొస్తే రెండు కలిపి వేసుకోకుండా పుస్తకంలో రాసి పెట్టండి.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, అది సరికాదు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు ఈ మాత్ర బలాన్ని తగ్గించే మాట నిజమే అయినా, వారానికి రెండుసార్లు తినే అలవాటు ఉంటే ప్రతి వారమూ అంతే తినండి, ఒక వారం బొత్తిగా మానేసి మరో వారం రోజూ తినడమే ప్రమాదం. కార్తీక మాసపు ఉపవాసాలకు ముందు డాక్టరును అడగండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా వేసుకోకండి, పారాసిటమాల్ మేలు. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను పెంచుతుంది, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది, పసరు మందుల్లో ఏముందో తెలియదు. అందుకే ఏ కొత్త మందు మొదలుపెట్టినా వారంలోపు పరీక్ష చేయించుకోవాలి. పెనిడ్యూర్ కూడా వేయించుకునేవారు ఇంజెక్షనుకు ముందు ఐఎన్ఆర్ హద్దులో ఉందో లేదో చూసుకుని, వేశాక ఆ చోట చాలాసేపు నొక్కి పట్టాలి, కండరంలో రక్తం గడ్డకడుతూ ఉంటే మాత్రలకు మారే విషయం అడగాలి. అమ్మాయిలకు నెలసరిలో రక్తం ఎక్కువగా పోవచ్చు, దానిని సిగ్గుపడి దాచకుండా చెప్పి హిమోగ్లోబిన్ చూపించుకోండి.

ఆయాసం, వాపు ఉన్నవారు ఉప్పు తగ్గించాలి. మన ఇళ్ళలో ఉప్పు కూరలో కన్నా ఆవకాయలో, అప్పడాల్లో, వడియాల్లో ఎక్కువగా ఉంటుంది.

ఆరో పని: పళ్ళు, జ్వరం

దెబ్బతిన్న వాల్వు మీద, కృత్రిమ వాల్వు మీద సూక్ష్మజీవులు చేరి స్థిరపడితే ప్రాణం మీదికి వస్తుంది, అవి చేరే దారుల్లో పాడైన చిగుళ్ళు ఒకటి. రెండుపూటలా పళ్ళు తోముకోండి, ఆరు నెలలకొకసారి దంతవైద్యునికి చూపించుకోండి. కృత్రిమ వాల్వు ఉన్నవారు పన్ను తీయించుకోవడానికి గంట ముందు యాంటీబయోటిక్ వేసుకోవాలి, దానిని కార్డియాలజిస్టు రాసిస్తారు. పన్ను కోసం అసిట్రోమ్‌ను సొంతంగా ఆపకండి. కారణం తెలియని జ్వరం రోజుల తరబడి వస్తూపోతూ ఉంటే, ఆర్ఎంపీ దగ్గర యాంటీబయోటిక్ ఇంజెక్షను వేయించుకునేముందే ఆసుపత్రిలో బ్లడ్ కల్చర్ పరీక్షకు రక్తం ఇవ్వాలి. యాంటీబయోటిక్ పడ్డాక తీసిన రక్తంలో ఆ సూక్ష్మజీవి దొరకకపోవచ్చు, అప్పుడు ఏ మందు వాడాలో తెలియక వారాలు వృథా అవుతాయి.

ఏడో పని: పెళ్ళి, గర్భం

వాల్వు జబ్బు ఉన్న అమ్మాయి పెళ్ళిలో జబ్బును దాచడం మన ఇళ్ళలో జరిగే పెద్ద తప్పు. దాచిన జబ్బుకు ఇంజెక్షను ఎలా వేయించుకుంటుంది, మాత్ర ఎక్కడ పెట్టుకుంటుంది? మేము ఫైలు అబ్బాయి ముందు పెట్టాము, ఒక సంబంధం పోయింది, రెండో అబ్బాయి ఫైలు చదివి "ఇంజెక్షనుకు నేను తీసుకువెళ్తాను" అన్నాడు, ఇప్పటికీ అతనే తీసుకువెళ్తున్నాడు.

గర్భంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఇరుకైన మైట్రల్ వాల్వు ఆ రక్తాన్ని దాటించలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకే గర్భం దాల్చేముందే ఎకో తీయించుకుని, అవసరమైతే బెలూన్ వేయించుకుని, కార్డియాలజిస్టు సరే అన్నాక ముందుకు వెళ్ళాలి. అప్పటివరకు గర్భనిరోధానికి ఏది వాడాలో కూడా ఆయననే అడగాలి, ఎందుకంటే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టడాన్ని పెంచుతాయి. లోహపు వాల్వు ఉన్నవారి పరిస్థితి ఇంకా సున్నితమైనది. అసిట్రోమ్, వార్ఫరిన్ ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు హాని చేయగలవు, భయపడి మాత్ర ఆపేస్తే వాల్వు మీద గడ్డకట్టి తల్లికి ప్రమాదం. నెల తప్పిందన్న అనుమానం వచ్చిన రోజే మాత్ర ఆపకుండా డాక్టరుకు ఫోను చేయాలి, మాత్రను కొనసాగించాలో, హెపారిన్ ఇంజెక్షన్లకు మారాలో వాళ్ళు నిర్ణయిస్తారు. కాన్పు గుండె వైద్యులు, ప్రసూతి వైద్యులు, మత్తు వైద్యులు ఒకేచోట ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ పుట్టిన తరువాతి రెండు మూడు రోజులు కూడా గండమే కనుక, ఇంటికి పంపమని తొందరపెట్టకండి.

ఆలస్యం చేయకూడని సమయాలు

లోహపు వాల్వు మూసుకునేటప్పుడు గడియారంలా సన్నని చప్పుడు చేస్తుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక చెల్లెలి పక్కన పడుకున్న బిడ్డకు అది జోలపాట లాంటిదే. ఆ చప్పుడు మూగబోయినా, మందగించినా, దానితోపాటు ఆయాసం వచ్చినా, ఉదయం దాకా ఆగకూడదు. మూతి వంకరపోవడం, చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట తడబడటం, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, నల్లటి విరేచనం, అసిట్రోమ్ వాడేవారి తలకు చిన్న దెబ్బ తగలడం, వీటిలో ఏది జరిగినా వెంటనే 108కి ఫోను చేయండి. అలాంటప్పుడు రోగి మాట్లాడలేకపోవచ్చు కనుక పర్సులో ఎప్పుడూ ఒక కార్డు ఉంచండి. ఒకవైపు తెలుగులో, మరోవైపు ఇంగ్లీషులో, పేరు, రక్తం గ్రూపు, ఏ వాల్వు, ఏ సంవత్సరంలో మార్చారు, వాడే మాత్రలు, ఐఎన్ఆర్ హద్దు, చివరిగా వచ్చిన ఐఎన్ఆర్, పెనిడ్యూర్ తేదీ, పడని మందులు, ఇంట్లో ఇద్దరి ఫోను నంబర్లు రాయండి. చివరి ఐఎన్ఆర్‌ను, పెనిడ్యూర్ తేదీని పెన్సిలుతో రాస్తే ప్రతిసారీ చెరిపి మార్చుకోవచ్చు.